కెంటకీలో థరోబ్రెడ్ (పందెం గుర్రాల జాతి) ఫామ్‌కి కెమెరాతో వెళ్తే: ఏ నెల, ఏ వేళ, ఏ లెన్సు, ఎక్కడ నిలబడాలి?

పచ్చికబయలు:
ఏప్రిల్ చివరి వారంలో సిన్సినాటి నుంచి లెక్సింగ్టన్ వెళ్ళాలని ప్లాన్. రెండు రోజులు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఉంటారు. కెమెరా ఫుల్‌ఫ్రేమ్, లెన్సులు 24-70, 70-200 ఎఫ్/4. కావలసినవి మూడు: తల్లీపిల్లల ఫొటోలు, ఒక స్టాలియన్‌ని (మగ గుర్రాన్ని) పక్క నుంచి నిలబెట్టి తీసింది, పరుగెత్తే గుర్రం. ఫామ్ గేటు దగ్గరికి వెళ్ళి అడిగితే లోపలికి రానిస్తారా? ఇంకో లెన్సు అద్దెకు తీసుకోవాలా?

నల్లకంచె:
గేటు దగ్గర అడిగితే రానివ్వరండి. అవి వ్యాపారం నడిచే ఫామ్‌లు. హార్స్ కంట్రీ అనే సంస్థ వెబ్‌సైటులో ఏ ఫామ్ ఏ రోజు సందర్శకులను రానిస్తుందో చూసి ముందే టికెట్టు కొనాలి. ఏప్రిల్లో లెక్సింగ్టన్‌లోని కీన్‌ల్యాండ్ మైదానంలో పందాలు జరుగుతాయి, మే మొదటి శనివారం లూయివిల్‌లో డర్బీ పందెం. కాబట్టి హోటలూ టికెట్లూ రెండూ త్వరగా అయిపోతాయి.

నెల మాత్రం చక్కగా ఎంచుకున్నారు. ఇక్కడ థరోబ్రెడ్ ఏ రోజున పుట్టినా లెక్కకు పుట్టినరోజు జనవరి 1. డిసెంబరు 31న పుట్టిన పిల్లకు మర్నాటికే కాగితాల మీద ఏడాది నిండుతుంది. అందుకే వీలైనంత వరకు జనవరి తర్వాతే, ఆ తర్వాత ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా ఈనేలా చూస్తారు. మేర్ (ఆడ గుర్రం) పదకొండు నెలలు మోస్తుంది కాబట్టి కట్టే కాలం, అంటే జత కలిపే కాలం, ఫిబ్రవరి మధ్యలో మొదలై జూన్ చివరి దాకా సాగుతుంది. ఏప్రిల్ ఆఖరుకు వారం రోజుల పిల్ల నుంచి మూడు నెలల పిల్ల దాకా అన్నీ పచ్చికలో కనిపిస్తాయి. గడ్డి పచ్చగా ఉంటుంది, చెట్లు చిగురిస్తాయి.

జులై, ఆగస్టుల్లో వెళ్ళినవాళ్ళు ఖాళీ పచ్చికలు చూసి ఉసూరుమంటారు. ఎండా ఈగలూ ఎక్కువని ఆ రోజుల్లో గుర్రాలను రాత్రిపూట బయట వదిలి, పొద్దున్నే లోపల కడతారు. అమ్మకానికి పోయే ఏడాది పిల్లలకు ఎండలో ఒంటి రంగు వెలిసిపోతుందన్న భయం మరొకటి.

ఏప్రిల్ చివర్లో అక్కడ సూర్యోదయం ఉదయం ఏడింటికి కాస్త ముందు, అస్తమయం రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతం. టూర్లు పగటిపూటే. అంటే మంచి వెలుగు ఉన్నప్పుడు మీరు ఫామ్ బయటే ఉంటారు. ఆ వేళల్ని రెండుచోట్ల వాడుకోండి. పొద్దున్న కీన్‌ల్యాండ్ ట్రాక్ మీద గుర్రాల కసరత్తు చూడనిస్తారు, పరుగు ఫొటో అక్కడే దొరుకుతుంది. సాయంత్రం పారిస్ పైక్, ఓల్డ్ ఫ్రాంక్‌ఫర్ట్ పైక్ రోడ్ల వెంట కంచె బయట నుంచి తీసుకోవచ్చు. ఓల్డ్ ఫ్రాంక్‌ఫర్ట్ పైక్ ఇరుకు రోడ్డు, పక్కన బండి ఆపడానికి జాగా ఉండదు. ఫామ్ గేటుకు అడ్డంగా పెట్టారో, గుర్రాల ట్రక్కు వచ్చి హారన్ కొడుతుంది.

దగ్గర్లోని ఊరు వర్సాయ్ ఎటు అని అడక్కండి. స్పెల్లింగు ఫ్రాన్సుదే అయినా ఆ ఊరి వాళ్ళు వర్‌సేల్స్ అంటారు.

ఇరుసు_135:
లెన్సు అద్దెకు అక్కర్లేదు, 70-200 చాలు. లెక్క చూడండి. గుర్రం పొడవు సుమారు 8 అడుగులు. ముందూ వెనకా కాస్త ఖాళీ వదిలితే ఫ్రేము వెడల్పు 12 అడుగులు, అంటే 3.6 మీటర్లు. ఫుల్‌ఫ్రేమ్‌లో 100 ఎం.ఎం. దగ్గర 10 మీటర్ల దూరం, 200 దగ్గర 20 మీటర్లు కావాలి. చిన్న సెన్సారు కెమెరా అయితే అదే 200కి 30 మీటర్లు వెనక్కి వెళ్ళాలి. టూర్లో అంత జాగా దొరకదు.

24-70తో గుర్రానికి దగ్గరగా వెళ్ళి తీస్తే తల గుమ్మడికాయంత, పిరుదులు పిల్లివంత వస్తాయి. దాన్ని కొట్టం, చెట్ల వరస, కొండవాలు తీయడానికి ఉంచుకోండి.

తల్లీపిల్లలకు ఎఫ్/4 సరిపోతుందా అంటే, దూరాన్ని బట్టి. 200 దగ్గర ఎఫ్/4లో 20 మీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు రెండున్నర మీటర్లు. పిల్ల తల్లికి అవతలి పక్కన ఉన్నా పరవాలేదు. అవే గుర్రాలు కంచె దాకా వచ్చేస్తే, 10 మీటర్లకు ఆ లోతు అర మీటరు పైచిలుకే. తల్లి కన్ను స్పష్టంగా వస్తుంది, పిల్ల ముఖం మసకబారుతుంది. అప్పుడు ఎఫ్/8కి వెళ్ళండి.

షట్టరు: మేస్తుంటే 1/500, నడకకూ అంతే, దుడుకు నడకకు 1/1000, దౌడుకు 1/2000. పిల్లలకు ఎప్పుడూ 1/2000 పెట్టి ఉంచండి. నిలబడ్డ పిల్ల ఏ క్షణాన ఎగిరి గంతేస్తుందో దాని తల్లికే తెలియదు. గుర్రం గంటకు 60 కిలోమీటర్లు పోతుంటే 1/1000 సెకనులో ఒళ్ళు ఒకటిన్నర సెంటీమీటరు పైనే జరుగుతుంది. ముందుకు విసిరే డెక్క అంతకన్నా వేగం. ముఖం బాగుండి కాళ్ళు చెదిరిపోవడానికి కారణం అదే.

పశువైద్యం_కర్నూలు:
ఫొటోల సంగతి తర్వాత. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారన్నారు కాబట్టి ముందు ఇది చదవండి.

అమెరికాలో దిగేటప్పుడు పశువుల దగ్గరికి, పొలాలకు వెళ్ళారా అని అడుగుతారు. ఊళ్ళో గేదెల కొట్టంలో తిరిగిన చెప్పులు పెట్టెలో ఉంటే నిజం చెప్పాలి. గాలికుంటు అక్కడ లేదు, మన దగ్గర ఉంది. గుర్రానికి గాలికుంటు రాదు, కానీ బూటు మట్టితో వైరస్ ప్రయాణించగలదు. ఫామ్‌కి వేసుకెళ్ళే బూట్లు వేరే పెట్టుకోండి. అడుగున మట్టి లేకుండా బ్రష్షుతో కడిగి, ఆరాకే వేసుకోండి. పేడ, మట్టి అంటుకుని ఉంటే క్రిమిసంహారక మందు పని చేయదు, కాబట్టి మందు నీళ్ళ తొట్టిలో ఊరికే ముంచి తీస్తే చాలదు.

ఒకే రోజు రెండు ఫామ్‌లు చూస్తుంటే మధ్యలో బూట్లు కడగాలి, చేతులు కడగాలి. చూడి మేర్లకు గుర్రపు హెర్పిస్ వైరస్ వల్ల గర్భస్రావాలవుతాయి. గుర్రపు పిల్లలకు రోటావైరస్ విరేచనాలు, కాస్త పెద్దవాటికి గొంతు గ్రంథులు వాచి చీము పట్టే స్ట్రాంగిల్స్. ఈ మూడూ చేతుల మీద, బట్టల మీద ఎక్కి వెళ్ళే జబ్బులే. ఒక గుర్రం ముక్కు నిమిరి ఆ చేత్తోనే పక్క గుర్రం ముక్కు నిమరడం టూర్లలో అందరూ చేసే తప్పు.

ఇక గుర్రం దగ్గర మెలగడం. దానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా వెనక, నుదుటికి ఎదురుగా దగ్గరలో, ముక్కు కింద మాత్రం కనిపించదు. కాబట్టి ఎడమ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్ళాలి. తల్లికీ పిల్లకీ మధ్యలోకి ఎప్పుడూ వెళ్ళొద్దు. సాధువుగా ఉండే మేర్ కూడా పిల్ల అవతల పడిందంటే వెనక కాళ్ళు లేపుతుంది. చెవులు వెనక్కి మెడకు అంటుకుపోతే కెమెరా దించి పక్కకు రండి. చెవులు పక్కలకు వేలాడుతుంటే భయం లేదు, అది కునుకు.

స్టాలియన్లు కరుస్తాయి. సరదాకి కాదు, నిజంగా కరుస్తాయి. గది తలుపు మీద చెయ్యి ఆనించొద్దు, కెమెరా పట్టీ వేలాడదీయొద్దు. మీరు తెచ్చిన క్యారెట్టు పెట్టకండి. పెట్టమని సైసే (గుర్రాన్ని చూసుకునే మనిషే) చేతికిస్తే అరచేయి పళ్ళెంలా చాచి పెట్టాలి.

ఒక చిన్న మాట: గడ్డిలో పిడుదులు ఉంటాయి. నిండు ప్యాంటు, మేజోళ్ళు వేసుకోండి.

దక్కన్‌షట్టర్:
డాక్టర్ సాబ్ అన్నీ చెప్పిన్రు. నేను వెలుతురు సంగతి చెప్త.

థరోబ్రెడ్లల్ల ఎక్కువ బే (గోధుమ ఒళ్ళు, నల్ల జూలు), ముదురు బే, చెస్ట్‌నట్ (ఒళ్ళంత ఎర్రటి గోధుమ). ముదురు బే ఫ్రేమంత నిండితే కెమెరా మీటరు చీకటి అనుకొని వెలుతురు పెంచుతది. అప్పుడు వీపు మీద మెరుపులు తెల్లగ కాలిపోతయ్, నుదుటి చుక్కల వెంట్రుక కనపడది. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 నుంచి మొదలువెట్టుర్రి. అదే గుర్రం వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఉల్టా: గుర్రం బొగ్గు లెక్క వస్తది, ప్లస్‌కి పోవాలె. గ్రే గుర్రం నల్ల కంచె ముంగట ఉంటే మల్ల మైనస్. అందుకే మాన్యువల్ పెట్టి, అర గంటకోసారి హిస్టోగ్రాం (వెలుతురు గ్రాఫు) చూస్కునుడు మంచిది.

నడినెత్తిన ఎండల నున్నటి ఒళ్ళు అద్దం లెక్క నీలి ఆకాశం చూపెడ్తది. ముదురు గుర్రం వీపు నీలంగ కొట్టేది గందుకే. కడుపు కింద గడ్డి రంగు పడి ఆకుపచ్చగైతది. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు) పెడితే నీలం చాలా మటుకు పోతది.

వైట్ బ్యాలెన్సు ఆటోల పెట్టకుర్రి. పచ్చిక ఎక్కువున్న ఫ్రేముకు ఒక రంగు, తక్కువున్న దానికి ఇంకో రంగు ఇస్తది. 5500 కెల్విన్ దగ్గర కట్టేసి రా ఫైలు తియ్యిర్రి.

ఇరుసు_135:
పోలరైజర్ విషయంలో నాది వేరే మాట అన్నా. అది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగమవడం). ఎఫ్/4 లెన్సు మీద 1/2000 పెట్టాలంటే ఐఎస్ఓ ఎక్కడికో పోతుంది. పైగా ఒంటి మెరుపు మొత్తం తీసేస్తే గుర్రం ఉన్ని దుప్పటిలా కనబడుతుంది. థరోబ్రెడ్ పోషణ తెలిసేది ఆ నిగనిగలోనే కదా. నిలబడ్డ గుర్రానికైతే సగం తిప్పి వాడొచ్చు. పరుగుకి వద్దు.

దక్కన్‌షట్టర్:
నిలబడ్డ దానికే చెప్పిన అన్న. పరుగుకి నేనూ పెట్టను.

పచ్చికబయలు:
అందరికీ థాంక్స్. డాక్టరు గారూ, బూట్ల సంగతి అస్సలు తట్టలేదు. నిలబెట్టి తీసే ఫొటో గురించి చెప్పగలరా? సేల్ కేటలాగుల్లో నాలుగు కాళ్ళూ విడివిడిగా కనిపిస్తాయి. నేను చూసిన మామూలు ఫొటోల్లో రెండు కాళ్ళే కనిపిస్తున్నాయి.

ఇరుసు_135:
దానికి కాళ్ళు పెట్టించే తీరు ఉంది. తీసేది ఎడమ పక్క నుంచి. మన వైపు ముందు కాలు నిటారుగా, అవతలి ముందు కాలు దానికన్నా కాస్త వెనక. వెనక కాళ్ళకు తిరగేసి: మన వైపుది వెనక్కి, వెనక కాలి మధ్య కీలు (హాక్) కింది ఎముక నిలువుగా ఉండేలా, అవతలిది కాస్త ముందుకి. అలా నిలబడితే నాలుగూ కనిపిస్తాయి. అవతలి కాలు ఒక డెక్క వెడల్పు జరిగితే చాలు. బాగా ఎడం చేస్తే గుర్రం చాచుకున్నట్టు, నడుం పొడుగైనట్టు కనిపిస్తుంది.

గుర్రాన్ని మీరు కదిలించరు, సైసే కదిలిస్తాడు. మొదట వెనక కాళ్ళు సరి చేయించి, ఆ తర్వాత ముందు కాళ్ళు. వరస మారిస్తే ముందు కాలు సర్దేసరికి వెనకది చెదురుతుంది, పది నిమిషాలు పోతాయి, గుర్రానికి విసుగొస్తుంది.

కెమెరా ఎత్తు భుజం మొన దగ్గర ఉండాలి. 16 హ్యాండ్ల గుర్రం అంటే (హ్యాండ్ నాలుగంగుళాలు) మూపు దగ్గర 64 అంగుళాలు, ఐదడుగుల నాలుగంగుళాలు. దానికి కెమెరా నేల నుంచి మూడున్నర నుంచి నాలుగడుగుల్లో పెట్టండి. మామూలుగా నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్ళు పొట్టివౌతాయి, బాగా కింద నుంచి తీస్తే పొట్ట పెద్దదౌతుంది. పిల్లకైతే రెండు, రెండున్నర అడుగులు. పుట్టిన పిల్ల కాళ్ళు అప్పటికే పెద్ద గుర్రం కాళ్ళకు దగ్గరగా పొడవుంటాయి, అందుకే పై నుంచి తీసిన పిల్ల సాలెపురుగులా వస్తుంది.

పక్క నుంచి సరిగ్గా లంబంగా, నడుముకు ఎదురుగా నిలబడాలి. ఒక అడుగు ముందుకు జరిగితే భుజం బరువెక్కుతుంది, వెనక్కి జరిగితే పిరుదులు. డెక్కలు గడ్డిలో మునగకూడదు. కంకర దారో, కోసిన గడ్డో చూసుకోండి. సూర్యుడు మీ వెనక ఉండాలి.

టూర్లో ఇదంతా చేయించలేరు, ఒక్కోసారి స్టాలియన్‌ని బయటికి తెచ్చి అర నిమిషం నిలబెడతారు. ముందే ఎడమ వైపు చోటు చూసుకుని, ఒంగి, సిద్ధంగా ఉండండి. అందరూ తల వైపుకే ఎగబడతారు కాబట్టి పక్కన చోటు దొరుకుతుంది.

నల్లకంచె:
చెవుల గురించి. చెవులు ముందుకు రాకపోతే మిగతావన్నీ కుదిరినా గుర్రం నిద్రమొహంతో ఉంటుంది. ఇంకొక మనిషి గుర్రం తలకు సూటిగా, 10 మీటర్ల దూరంలో నిలబడి గుప్పెడు గడ్డి ఎగరేస్తే చాలు. సైసుని అడిగాకే. ఒక్కో చప్పుడు రెండు మూడుసార్లే పని చేస్తుంది, కాబట్టి కాళ్ళు కుదిరాకే చెవులు అడగాలి.

ఫోనులో సకిలింపు వినిపించే చిట్కా ఒకటి తిరుగుతోంది. కట్టే కాలంలో స్టాలియన్ల కొట్టం దగ్గర మాత్రం ఆ పని చేయకండి. మేర్ వచ్చిందనుకుని గది తలుపులు తంతాయి, బయట ఉన్నది సైసు చేతిలోంచి పైకి లేస్తుంది. ఆ దెబ్బతో టూరు అక్కడితో ఆగుతుంది. అలాగే ఫ్లాష్, డ్రోన్, టప్పున తెరుచుకునే గొడుగు, గాలికి రెపరెపలాడే రెయిన్‌కోటు వద్దు.

కట్టించే షెడ్డులోకి కెమెరా ఉండదు. థరోబ్రెడ్లకు కృత్రిమ గర్భధారణ ఒప్పుకోరు, నేరుగా కట్టిస్తేనే పిల్లకు నమోదు. సీజన్లో ఒక్కో స్టాలియన్‌కి రోజుకు రెండు మూడు విడతలు ఉంటాయి. అందుకే టూరు వేళలు కూడా వాటి మధ్య ఖాళీల్లో ఉంటాయి.

పై పెదవి మడిచి పళ్ళు చూపించే స్టాలియన్ ఫొటో దొరికితే 'నవ్వుతున్న గుర్రం' అని రాయకండి. అది మేర్ వాసన పట్టడం.

మూసీ_ఒడ్డు:
హైదరాబాదులో ఉన్నవాళ్ళకు ఏమైనా దారి ఉందా? మలక్‌పేట రేస్‌కోర్సు తప్ప?

దక్కన్‌షట్టర్:
మలక్‌పేటల ఉన్నది పందెం గుర్రాలు అన్న, అక్కడ పిల్లలు ఉండవు. పొద్దుగాల ట్రాక్ కసరత్తు తియ్యాలన్నా క్లబ్బు పర్మిషను కావాలె. స్టడ్ ఫామ్‌లు ఎక్కువ పుణె చుట్టుపక్కల ఉన్నయ్. కర్ణాటకల కుణిగల్, ఉత్తరాన పంజాబ్, హర్యానా. కుణిగల్‌ల గుర్రాల పెంపకం టిప్పు కాలం నుంచి ఉందంటరు. కెంటకీ లెక్క టికెట్టు టూర్లు అనుకోకుర్రి. ముందు ఉత్తరం రాయాలె: ఎవరు, ఎంతమంది, ఏ తారీఖు, ఫొటోలు ఎక్కడ పెడ్తరు. ఒప్పుకునుడు, ఒప్పుకోకపోవుడు వాళ్ళిష్టం.

మన దగ్గర కూడ పుట్టినరోజు జనవరి 1 లెక్కనే. ఈనేది కూడా ఏడాది మొదటి నెలలల్లనే. ఫిబ్రవరి, మార్చి మంచిది. ఏప్రిల్ కొస్తే గడ్డి ఎండి ఫొటోల పచ్చదనం ఉండది. ఎనిమిదిన్నర దాటితే వెలుతురు గట్టి పడ్తది.

పచ్చికబయలు:
కొట్టం లోపల తీసిన కొన్ని ఫొటోల్లో అడ్డంగా నల్లటి పట్టీలు చూశాను. అదేమిటి?

ఇరుసు_135:
ఎల్ఈడీ దీపాల మిణుకు. కెమెరా నిశ్శబ్దంగా ఉండాలని ఎలక్ట్రానిక్ షట్టరు పెడితే వస్తుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్‌జ్, దీపం సెకనుకు 120 సార్లు మిణుకుతుంది. మెకానికల్ షట్టరులో 1/60 గానీ 1/125 గానీ పెట్టండి. ఇండియాలో అయితే 1/50, 1/100. పరుగుకి కూడా ఎలక్ట్రానిక్ షట్టరు చాలా కెమెరాల్లో నప్పదు, కాళ్ళు ఒరిగిపోయినట్టు వస్తాయి.

అసలు కొట్టంలో దీపాలు నమ్ముకోవద్దు. గుర్రం గది గుమ్మం దగ్గరికి తల బయట పెట్టినప్పుడు, నడవ చివరి తలుపు నుంచి వచ్చే పగటి వెలుగులో తీయండి. వెనకంతా దానంతటదే చీకటౌతుంది.

కన్ను వెతికే ఫోకస్ గురించి కూడా: మీ కెమెరా 'జంతువులు' అనే జాబితాలో గుర్రం ఉందో లేదో చూసుకోండి. కానన్ ఆర్6 మార్క్ 2లో గుర్రాలను చేర్చారు. కుక్క, పిల్లి మాత్రమే ఉన్న వాటిలో పక్క నుంచి చూసిన గుర్రాన్ని పట్టుకోలేక ఫోకస్ పిరుదుల మీదికి పోతుంది. అప్పుడు చిన్న చుక్క ఫోకస్‌ని చెంప ఎముక మీద పెట్టడమే మేలు.

నల్లకంచె:
పరుగు ఫొటోలో ఏ క్షణం అంటే: దుడుకు నడకలో ఒక ముందు కాలూ దానికి మూలగా ఉన్న వెనక కాలూ జంటగా లేచి, నాలుగూ గాల్లో ఉన్నప్పుడు. దౌడులో నాలుగూ గాల్లో ఉండేది కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు, పాత చిత్రాల్లో గీసినట్టు ముందుకీ వెనక్కీ చాచినప్పుడు కాదు. 1878లో పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ వరస కెమెరాలతో తీసి తేల్చింది అదే. కానీ ముడుచుకున్న ఫొటో చూడటానికి ఉండచుట్టినట్టు ఉంటుంది. ఒక ముందు కాలు పూర్తిగా చాచిన క్షణం కళ్ళకు ఇంపు. వరస షాట్లు తీసి ఎంచుకోండి.

పిల్లలు పరుగెత్తాలని చప్పట్లు కొట్టి తరమొద్దు. తల్లి కదిలితే పిల్ల తనే వస్తుంది. 'తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా' అన్నట్టే: తల్లి నిలబడితే పిల్ల కూడా ఆ చుట్టూనే. పొద్దున్న పచ్చికలోకి వదిలిన మొదటి పావుగంటలోనే ఎక్కువ ఆట ఉంటుంది. ఆ తర్వాత పాలు తాగి, పడుకుంటాయి.

కంచె పలకల మధ్య జానెడు పైన సందు ఉంటుంది, లెన్సు అందులోంచి పెట్టొచ్చు. లెన్సు హుడ్‌ని పిల్లలు కొరుకుతాయి, చూసుకోండి.

పచ్చికబయలు:
నాన్నగారు ఎక్కువ నడవలేరు. ఆయనకి వీలైన చోటు ఏదైనా ఉందా?

నల్లకంచె:
కెంటకీ హార్స్ పార్క్‌లో హాల్ ఆఫ్ ఛాంపియన్స్ ఉంది, రిటైరైన పందెం గుర్రాలను ముందుకు తెచ్చి చూపిస్తారు, కూర్చుని చూడొచ్చు. మ్యాన్ ఓ వార్ అనే పాతకాలపు మేటి పందెం గుర్రం సమాధీ విగ్రహమూ అక్కడే. జార్జ్‌టౌన్ దగ్గర ఓల్డ్ ఫ్రెండ్స్ అని ముసలి పందెం గుర్రాల ఆశ్రయం ఉంది. 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అన్నది అక్కడ నిజం. రెండుచోట్లా వేళలు ముందే ఫోను చేసి కనుక్కోండి.

పెద్ద స్టాలియన్లే చూడాలంటే వర్‌సేల్స్‌లో యాష్‌ఫర్డ్ ఫామ్: 2015 ట్రిపుల్ క్రౌన్ (ఒకే ఏడు మూడు పెద్ద పందాలు) గెలిచిన అమెరికన్ ఫారో, 2018లో గెలిచిన జస్టిఫై ఉండేది అక్కడే. కెంటకీలోనే ఉన్న పారిస్ అనే ఊళ్ళో, క్లెయిబోర్న్ ఫామ్‌లో, సెక్రటేరియట్ అనే మేటి పందెం గుర్రం సమాధి ఉంది. పందెం గుర్రానికి తల, గుండె, డెక్కలు పాతిపెట్టడం అక్కడి ఆనవాయితీ. 1989లో దాన్ని మాత్రం నిలువెల్లా పాతారు.

పశువైద్యం_కర్నూలు:
ఫొటోల కింద పేర్లు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మేర్ హాల్టర్ (తలకు కట్టే తోలు పట్టీలు) చెంప పట్టీ మీద ఇత్తడి రేకు ఉంటుంది, దాని మీద పేరు. ఆ రేకుని ఒక ఫొటో తీసి పెట్టుకుంటే ఇంటికెళ్ళాక తికమక ఉండదు. పిల్లకు పేరుండదు, దాని పట్టీ మీద తల్లి పేరు, పుట్టిన ఏడు ఉంటాయి. నమోదు పేరు తర్వాత వస్తుంది, ఖాళీలతో కలిపి 18 అక్షరాలు మించకూడదు.

పిల్ల రంగు ఇప్పుడు చూసి రాయకండి. పుట్టు వెంట్రుకలు రాలేదాకా కాళ్ళు వెలిసినట్టుంటాయి, గ్రే అయ్యేవి ముదురు రంగుతోనే పుడతాయి.

ఎడిటింగులో నుదుటి చుక్క, కాలి తెలుపు, మెడ మీది సుడి తుడిచేయకండి. మన ఊళ్ళో సుడి చూసేది అదృష్టానికి. అక్కడ గుర్తింపు కోసం: నమోదుకు ముందు, వెనక, రెండు పక్కల ఫొటోలతో పాటు సుడులు ఎక్కడున్నాయో కూడా ఇవ్వాలి.

చాలా మేర్లు ఫామ్ వాళ్ళవి కావు, వేరే యజమానులు అక్కడ ఉంచుతారు. సొంతానికి దాచుకునే ఫొటోకి టూర్లలో సాధారణంగా అభ్యంతరం ఉండదు. అమ్మాలన్నా, ప్రకటనకు వాడాలన్నా ఫామ్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పిల్ల కాలు వంకరగా ఉన్న ఫొటో మాత్రం ఎక్కడా పెట్టకండి. చిన్నప్పటి వంకర చాలావాటికి నెలల్లో సర్దుకుంటుంది, కానీ ఆ ఫొటో అమ్మకం నాటికి కూడా నెట్‌లోనే ఉంటుంది.

పచ్చికబయలు:
సరేనండి. ఇత్తడి రేకు మాట రాసుకున్నాను. టికెట్లు శుక్రవారం ఉదయానికి ఒకటి, శనివారం ఒకటి తీసుకున్నాను. మధ్యలో బూట్లు కడగడానికి బ్రష్షూ, బక్కెట్టూ కారు డిక్కీలో పెట్టేశా.